ఉక్కు కడుపున కర్బన నాళికలు
(బేర్ సరాయ్‌లో జరిగిన సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పొరుగుననే ఐ.ఐ.టి. యుండగా, ఫైళ్లతో ప్రొద్దుపుచ్చు ఆర్ట్స్ పట్టభద్రు డొకడు కర్బన నాళికలను గూర్చి మాటలాడుట యేమని మీలో కొందరికి తోచవచ్చును. శాస్త్రజ్ఞులకు బోధించుటకు నేను లేవలేదు. ఈ విషయమున మన తెలుగు గడ్డకును సంబంధ మొకటి కలదు. దానిని మీ ముందుంచవలెనను కుతూహలమే నన్నిచట నిలిపినది.

కర్బనము మనకు క్రొత్తది కాదు. కుంపటిలోని బొగ్గు, పెన్సిలులోని గ్రాఫైటు, ఉంగరములోని వజ్రము, అన్నిటను ఉన్నది కర్బనమే. భేదము పరమాణువుల అమరికలో నున్నది. వజ్రమున ఒక్కొక్క పరమాణువు మరి నాలుగింటితో ముడివడియుండును. గ్రాఫైటున మూడింటితో మాత్రమే కలిసి, తేనెపట్టువలె ఆరు మూలల గదులు గల పలుచని పొరలుగా ఏర్పడును. అట్టి పొర నొకదానిని చాపవలె చుట్టినట్లు ఊహింపుడు. అదియే కర్బన నాళిక. ఒక్క పొరతో నైనది ఏకభిత్తిక నాళిక. ఒకదానిలో నొకటి ఇమిడిన గొట్టములు బహుభిత్తిక నాళిక. ఏకభిత్తిక నాళిక అడ్డుకొలత సుమారు 1 నానోమీటరు, అనగా మీటరులో వందకోట్లవ వంతు. మన తలవెండ్రుక దానికంటె సుమారు 80,000 రెట్లు లావు.

1952లోనే రాదుష్కెవిచ్, లుక్యనోవిచ్ అను సోవియట్ శాస్త్రజ్ఞులు ఇట్టి గొట్టముల ఛాయాచిత్రములను ప్రకటించిరి. అవి రష్యను భాషాపత్రికలో నుండుటచే లోకమున అంతగా ప్రచారము కాలేదు. 1991లో జపానులోని ఎన్.ఇ.సి. సంస్థకు చెందిన సుమియో ఇజిమా బహుభిత్తిక నాళికలను వర్ణించిన పిమ్మటనే ప్రపంచము కన్ను తెరచినది. 1993లో ఏకభిత్తిక నాళికలును వెలువడినవి.

వీని గుణములు ఆశ్చర్యకరములు. సాగుటకు ఎదురు నిలుచు బిగువులో ఇవి ఉక్కుకు సుమారు ఐదు రెట్లు. బరువో, ఉక్కుకంటె ఎంతో తక్కువ. వేడిని రాగికంటె బాగుగా ప్రసరింపజేయును. అన్నిటికంటె విచిత్రమైన దొకటి. చాపను తిన్నగా చుట్టుట వేరు, ఏటవాలుగా చుట్టుట వేరు గదా! చుట్టిన తీరునుబట్టి ఒక నాళిక లోహమువలె విద్యుత్తును పోనిచ్చును. మరియొకటి సిలికానువలె అర్ధవాహక మగును. పదార్థ మొకటే, చుట్టుటలోనే స్వభావము మారుచున్నది.

ఇక ఉపయోగములు. బ్యాటరీల ఎలక్ట్రోడులలోను, విద్యుత్తును పోనిచ్చు ప్లాస్టికులలోను, ఆటవస్తువులకు దారుఢ్యము నిచ్చుటకును వీనిని వాడుచున్నారు. 2003లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అజయ్ సూద్ బృందమువారు, నాళికలమీదుగా ద్రవము ప్రవహించినపుడు విద్యుత్తు పుట్టునని చూపిరి. 2013లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 178 నాళికా ట్రాన్సిస్టరులతో చిన్న కంప్యూటరునే నడపిరి. అయినను వేర్వేరు తీరుల నాళికలు కలగాపులగముగా పుట్టుటయు, వానిని వేరుచేయుట కష్టమగుటయు నేటికిని అడ్డంకులుగా నున్నవి. పొడవైన బిరుసు నాళికలు ఎలుకలలో ఆస్బెస్టాసువలె హాని చేయునని 2008లో తేలినది. ఆస్బెస్టాసు కీడు తెలిసికొనుటలో లోకము చేసిన ఆలస్యము ఇచట జరుగరాదు. పొడిని చేతబట్టు కార్మికుని ఊపిరితిత్తులు తొలుత లెక్కకు రావలెను.

ఇప్పుడు మన ఉక్కును గూర్చి. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ నగర శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దపు డమాస్కసు కత్తిలోని చిన్న తునకను ఆమ్లముతో కరగించి చూడగా, అందు కర్బన నాళికలు కనబడినవని ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. అట్టి కత్తులకు మూలధాతువు దక్షిణ భారతమున మూసలలో కరగించిన ఉక్కు. ఆంగ్లేయులు దీనిని ‘వూట్జ్’ అనిరి. అది మన ‘ఉక్కు’ అను మాటకు మారురూపమే యని పండితుల యభిప్రాయము. ఈ ఉక్కునకు పేరుపొందిన ఊళ్లలో తెలంగాణలోని కోనసముద్రము ముఖ్యమైనది. ఇస్ఫహాను వర్తకుడొకడు అచట నివసించి ఉక్కు కొనుచుండెననియు, పారశీకులు దీని ననుకరింప యత్నించి విఫలులైరనియు వాయిసే అను ఆంగ్లేయుని వ్యాసము 1832లో అచ్చయినది. దక్షిణమున కొన్ని తావుల మూసలో ఇనుముతోపాటు తంగేడు కట్టెయు, జిల్లేడు ఆకులును వేయుచుండిరి. కర్బనము వానినుండియే ఉక్కులో చేరెడిది.

ఇది విని, మన పూర్వులకు నానో శాస్త్రము తెలియునని చాటుట తగదు. కోనసముద్రపు ఉక్కే ఆ కత్తిగా మారినదనుటకు నిదర్శనము లేదు. నాళికలు అందెట్లు పుట్టెనో ఇంకను నిర్ధారణ కాలేదు. అవి కనబడె ననుటనే సందేహించు లోహశాస్త్రజ్ఞులును కలరు. ఆ కమ్మరికి పరమాణువు తెలియదు. కాని ఏ మట్టితో మూస చేయవలెనో, నిప్పు నెంతసేపు నిలుపవలెనో, ఎంత మెల్లగా చల్లార్పవలెనో తెలియును. ఆ తెలివి తక్కువది కాదు. అది చేతినుండి చేతికి వచ్చినది, వ్రాతలోనికి రాలేదు. పెద్ద కర్మాగారముల ఉక్కు వచ్చి, కొనువారు లేక కొలుములు చల్లారగా ఆ విద్యయు అడుగంటినది. మనకు మిగిలినవి పరదేశీయులు వ్రాసికొన్న కొన్ని పుటలు మాత్రమే.

ఫైలులో నోటు లేనిచో ఎంత మంచి నిర్ణయమైనను నిలువదని మన కొలువులో అందరమును ఎరుగుదుము. జాతి విద్యకును అదే న్యాయము. బేర్ సరాయ్ పుస్తకశాలలలో పరీక్షల పుస్తకములు గుట్టలుగా నున్నవి. వానికై వచ్చు తెలుగు బిడ్డలలో ఒక్కరైనను క్రొత్త శాస్త్రమును తెలుగున వ్రాయవలెనని నా కోరిక. తమ ఊరి కమ్మరి, కంచరి, కుమ్మరి మాటలను వారు వినవలెను. వానిని వ్రాసి యుంచవలెను. పూర్వుల ఘనతను పొగడుటకంటె, మిగిలియున్న విద్యను ఆరిపోనీయకుండుటయే వారి ఋణము తీర్చు మార్గము.