ఘోషాయు స్వేచ్ఛయు
(మూసాపేట పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



ముస్లిము స్త్రీల పరదానుగూర్చి మాటలాడుమని మీరు కోరితిరి. ఇది పరుల యింటి మాటయని మీలో కొందఱికి తోచవచ్చును. అట్లు కాదు. తెలుగునాట జమీందారీ కుటుంబములందును, క్షత్రియ కుటుంబములందును ఘోషా యుండెను. విశాఖపట్టణములోని విక్టోరియా ఆస్పత్రిని జనులు నేటికిని ఘోషాసుపత్రి యనియే పిలుచుచున్నారు. ఆ ఘోషా మన యిండ్లనుండి చాలవఱకు తొలగినది. తొలగించుటకు పోలీసులు రాలేదు. చదువు వచ్చినది, రైలు వచ్చినది, స్త్రీలు సభలకు రాసాగిరి. ఇది మఱచి పొరుగువారిని తొందరపెట్టుట మనకు తగదు.

హైదరాబాదు సంగతి చూడుడు. 1907లో వెలసిన మహబూబియా బాలికా పాఠశాల పరదా కుటుంబముల బాలికలకు అనువుగా నడచినది. గోడ యుండుటచేతనే వారు బడికి రాగలిగిరి. సుగ్రా హుమాయూన్ మీర్జా గారు దక్కనులో పరదా విడిచి వెలికివచ్చిన తొలి ముస్లిము స్త్రీలలో నొకరు. పత్రికలు నడపిరి, 1934లో బాలికలకొఱకు సఫ్దరియా పాఠశాల పెట్టిరి. మాసూమా బేగం గారు 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రిణి యైరి. నేడు మూసాపేట మెట్రో స్టేషనులో ఉదయమున నిలిచి చూడుడు: బురఖాతో నొకతె, జీన్సుతో నొకతె, ఒకే బండి యెక్కి పనికి పోవుచున్నారు. ఒకరినొకరు తప్పుపట్టుకొను తీరిక వారికి లేదు.

బలవంతమువలన నేమగునో ఇరాను చూపినది. 1936లో రెజా షా ప్రభుత్వము ముసుగును నిషేధించెను. పోలీసులు వీథులలో చాదరులు లాగిరి. ముసుగులేక రానొల్లని స్త్రీలు ఎందఱో గడప దాటుటయే మానిరి. 1979 విప్లవము తరువాతి ప్రభుత్వము దానినే నిర్బంధము చేసెను. 2022 సెప్టెంబరులో, ముసుగు సరిగా లేదని పట్టుకొనిన పోలీసుల అధీనమున 22 ఏండ్ల మహ్సా అమీనీ కూలి, ఆస్పత్రిలో మరణించెను.

మనదేశమున 2022 ఫిబ్రవరి 5న కర్ణాటక ప్రభుత్వము విద్యార్థుల దుస్తులనుగూర్చి ఉత్తరువు చేసెను. మార్చి 15న హైకోర్టు దానిని సమర్థించెను. అక్టోబరు 13న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిరువురు రెండు త్రోవల పోయిరి: హేమంత్ గుప్తా గారు ఉత్తరువును నిలిపిరి, సుధాంశు ధూలియా గారు చెల్లదనిరి. ముసుగు మతమునకు ఆవశ్యకమా యను చర్చ హైకోర్టులో చాల సాగినది. వకీళ్లమైన మాకు ఆ ప్రశ్నయే అప్రస్తుతముగ దోచుచున్నది. ఇంటిపనులు ముగించుకొని బడికి చేరుటకే ఆడపిల్ల యెంత పాటుపడునో ధూలియా గారు గుర్తించిరి. వ్యాజ్యెమునకు మూలమదియే.

2023 జూన్‌లో మన నగరమందే, సంతోష్‌నగర్‌లోని యొక మహిళా కళాశాలలో, బురఖా తీసినగాని పరీక్షకు రానీయలేదని విద్యార్థినులు ఫిర్యాదు చేసిరి. నాటి హోంమంత్రి మహమూద్ అలీ గారు చర్య తీసికొందుమనిరి. బాగుగనే యున్నది. కాని దానితోడనే, పొట్టి దుస్తులవలన చిక్కులు వచ్చుననియు, స్త్రీలు ఒడలు కప్పుకొనవలెననియు హితవు చెప్పిరి. పరీక్షకు వచ్చిన పిల్లకు ఈ హితవుతో నేమి పని?

ముఖము పోల్చి చూచుట అవసరమే. పరీక్షలలో మోసము లేదని మేమనము. ద్వారమువద్ద ఒక తెర, దానివెనుక ఒక ఉద్యోగిని యున్న చాలును. రెండు నిమిషములు పట్టదు.

ఇక ఇంటిమాట. బురఖా తొడుగకున్న చదువు మాన్పింతునను తండ్రియు, తొడిగిన లోనికి రానీయనను అధికారియు మా దృష్టిలో నొక్క తప్పే చేయుచున్నారు. ఇష్టముచేతనే ధరించినదని యనవలెనన్న, విడిచినను దండన లేకుండవలెను. ఈ మాటకు మా ముస్లిము మిత్రులు కొందఱు కినుక వహింతురు, వహింపనిండు.

హాలుటికెట్టుండియు ద్వారమున నిలిపివేయబడిన బాలికలెవరైన నున్న, మతమేదైనను, ఆ కాగితములతో ఆదివారము ఉదయము ఈ మందిరమునకు రావలెను. అర్జీ మేము వ్రాసి యిత్తుము, ఫీజు లేదు. ఇంట నిలిపివేయబడినవారును రావచ్చును.