మానని కాలిపుండు

గ్రామ పెద్దలారా,

ముప్పది నాలుగేండ్లు బడిలో నిలుచుండి పాఠములు చెప్పినవాడను. నా యెడమ చీలమండపై లేచిన పుండు నాలుగు మాసములు మానలేదు. పసరులు పూసితిని, పసుపు అద్దితిని, ఫలము లేకపోయెను. తుదకు వైద్యుడు, “పంతులుగారూ, లోపము మీ నెత్తురు నడకలో నున్నది” అనెను. ఆ సంగతినే నేడు మీకు విన్నవించుచున్నాను.

గుండెనుండి నెత్తురును కాలికి దెచ్చునవి ధమనులు. మరల గుండెకు గొనిపోవునవి సిరలు. సిరలలోని చిన్న కవాటములు చెడినచో నెత్తురు క్రిందనే నిలిచిపోవును. అప్పుడు సాయంకాలమునకు కాలు వాచును. చీలమండపై చర్మము నల్లబారి దురద పెట్టును. లోపలివైపున పుండు లేచి నీరు కారును. కాలు ఎత్తున నుంచిన హాయిగా నుండును. పాదము మొదలు మోకాలి క్రింది వరకు అణచికట్టు వేయించుకొనుట, పిక్కలు కదలునట్లు నడచుట దీనికి ముఖ్యచికిత్స. నా పుండు అట్లే మానినది.

ధమనులు పూడినప్పటి తెఱగు వేరు. కొంత నడువగనే పిక్క పట్టును, నిలిచిన సడలును. పాదము చల్లబడును, వ్రేళ్లకొనలను, మడమను పుండ్లు పుట్టును, రాత్రివేళ కాలు మంచము క్రిందికి వ్రేలాడవేసినగాని నిదుర రాదు. ఇట్టి కాలికి బిగించి కట్టినచో వచ్చెడి కొలది నెత్తురును ఆగిపోవును. మా యన్నగారు నా కట్టును జూచి, చల్లబడిన తమ పాదమునకు తామే బిగించి కట్టుకొనిరి. రెండు వ్రేళ్లు తీయవలసి వచ్చెను. కావున చేతివద్దను చీలమండవద్దను రక్తపుపోటు కొలిచి పోల్చినపిదపనే వైద్యునిచేత కట్టించుకొనవలయును. పూడిన ధమనిని తెఱచు చికిత్సలు నేడు కలవు. సకాలమున వెళ్లినచో కాలు దక్కుట కలదు.

మధుమేహము గలవారికి పాదములలో స్పర్శ తగ్గును గనుక పుండైనను నొప్పి తెలియకపోవచ్చును. వారు ప్రతిదినము అరికాళ్లు చూచుకొనవలయును. చూపు ఆననిచో మనుమలచేత చూపించుకొనవలయును. చెప్పులు లేక నడవరాదు. చుట్ట ధమనులను చెఱుచును గనుక మానవలయును.

పుండును కాచి చల్లార్చిన నీటితో కడిగి శుభ్రమైన గుడ్డ కప్పుడు. సున్నము, పొగాకు, పసరు పెట్టకుడు. రెండు వారములలో మానుదల కానరానిచో వైద్యుని జూడుడు. మధుమేహము గలవారును, పాదము చల్లబడినవారును ఆ రెండు వారములైనను ఆగరాదు. పాదము నల్లబడినను, హఠాత్తుగా మంచువలె చల్లబడినను, పుండు కంపుగొట్టి జ్వరము వచ్చినను ఆ దినమే ఆసుపత్రికి పోవలయును.

ఊరిలో మీ మాటకు విలువ కలదు. పొరుగువాని కాలిపుండు చూచినప్పుడు ఏ మందు పూసితివని యడుగుటకు ముందు, పాదము వెచ్చగా నున్నదా యని యడుగుడు. ఆ యొక్క ప్రశ్న వాని కాలిని నిలుపవచ్చును. సెలవు.