అడవి వాసన, మిల్లు గాలి
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి వచ్చిన కోయ, లంబాడ, నాయక్‌పోడ్, ఎరుకల పెద్దలకు, తల్లులకు, కూలి మానుకొని వచ్చిన తమ్ముళ్లకు, చదువుకుంటున్న పిల్లలకు మా సంఘం తరఫున నమస్కారాలు. జై ఆదివాసీ, జై సేవాలాల్.

ఆగస్టు 9 సభల్లో మనం భూమి గురించి, పట్టాల గురించి, భాష గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడవలసినవే. మాకు ఇచ్చిన ఈ కొద్దిసేపు మాత్రం గాలి గురించి మాట్లాడాలనుకున్నాం. అందులోనూ చెట్టు వదిలే వాసన గురించి. ఇదేం ముచ్చట అనుకోకండి. సామిల్లులో పనిచేసే మన పిల్లల ఊపిరితో, మన చేన్లలోని పత్తి ఆకుతో దీనికి సంబంధం ఉంది.

వాసన మనకు కొత్త చెప్పాల్సిన పని లేదు. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున ఇప్పచెట్టు ఎక్కడుందో కళ్లు మూసుకొని చెప్పగలం. ఆ వాసనకు కారణమైన ఒక పదార్థమే బాస్మతి బియ్యంలోనూ ఉంటుందని శాస్త్రవేత్తలు తేల్చారు. అందుగు చెట్టుకు గాటు పడితే కారే బంకను నిప్పుల మీద వేస్తే సాంబ్రాణి వాసన వస్తుంది. నీలగిరి ఆకు నలిపితే ముక్కు తెరుచుకుంటుంది, దానికి కారణం సినియోల్ అనే నూనె. బంకల్లో, నూనెల్లో ఉండే ఇలాంటి చాలా పదార్థాలను కలిపి టెర్పీన్లు అంటారు. చెట్టు వీటిని ఊరికే తయారు చేయదు. పురుగును తరమడానికి, గాయాన్ని మూసుకోవడానికి, ఎండ వేడిని తట్టుకోవడానికి చేసుకుంటుంది. కాళ్లు లేని ప్రాణికి అదే ఆయుధం, అదే మాట.

వాసన తెలియకుండా వదిలేది ఇంకొకటి ఉంది, ఐసోప్రీన్. పగలు ఎండ ఉన్నప్పుడు కొన్ని జాతుల ఆకుల నుంచి వస్తుంది, రాత్రి ఆగిపోతుంది. వేడి పెరిగేకొద్దీ, దాదాపు 40 డిగ్రీల దాకా, ఇదీ పెరుగుతుంది. మన మే నెల ఎండలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. భూమి మీది చెట్టూ చేమా అన్నీ కలిసి ఏడాదికి సుమారు 100 కోట్ల టన్నుల ఇలాంటి ఆవిర్లను గాలిలోకి వదులుతాయని లెక్క. అందులో సగం ఐసోప్రీనే. మనుషుల బండ్లు, ఫ్యాక్టరీలు వదిలే ఇదే రకం ఆవిర్ల కన్నా ఇది చాలా ఎక్కువ.

ఇక్కడే ఒక తిరకాసు వచ్చింది. 1960లో ఫ్రిట్స్ వెంట్ అనే శాస్త్రవేత్త, దూరపు కొండల మీద కనిపించే నీలి పొగమంచుకు చెట్ల ఆవిర్లే కారణమని రాశాడు. ఆస్ట్రేలియాలో నీలగిరి జాతి అడవులున్న కొండలకు బ్లూ మౌంటెన్స్ అనే పేరు అలాంటి పొగమంచు వల్లే వచ్చిందంటారు. అది ముచ్చటైన సంగతి. కానీ 1980లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో రోనాల్డ్ రీగన్ గాలి కాలుష్యంలో పెద్ద పాలు చెట్లదే అన్నట్టు మాట్లాడారు. నవ్వులపాలయ్యారు. విద్యార్థులు ఒక చెట్టుకు, అదే హంతకి అన్నట్టు వెక్కిరింపు బోర్డు కట్టారు. నవ్వి ఊరుకుంటే సరిపోదు, ఎందుకంటే ఆ మాటలో సగం నిజం ఉంది. సగం నిజం పూర్తి అబద్ధం కన్నా ఎక్కువ దూరం పోతుంది.

1988లో అట్లాంటా నగరం మీద వచ్చిన ఒక పరిశోధన ఆ రెండో సగాన్ని చెప్పింది. చెట్ల ఆవిరి ఒక్కటే ఉంటే నేల దగ్గర ఓజోన్ పెద్దగా పుట్టదు. దానికి నైట్రోజన్ ఆక్సైడ్లు తోడవ్వాలి, పైన ఎండ కాయాలి. నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కడివి? లారీ ఇంజనులోంచి, బొగ్గు మంటలోంచి, జనరేటర్‌లోంచి వస్తాయి. యూరియా ఎక్కువ పోసిన చేను నుంచి కూడా కొంత వస్తుంది. చెట్లను నరికినా ఓజోన్ సమస్య తీరదు, పొగను తగ్గించాలి, ఆ పరిశోధన తేల్చిన సంగతి అదే. చెట్టు వాసన వేల ఏండ్లుగా ఉన్నదే. కొత్తగా వచ్చి కలిసింది పొగ.

మన దగ్గరికి వద్దాం. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులున్నాయి. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, 500 మెగావాట్లది ఒకటి, 600 మెగావాట్లది ఇంకొకటి. చుట్టూ అడవి. అంటే ఓజోన్ వంటకు కావలసిన సామాను అంతా ఒకే చోట ఉంది. పైగా ఓజోన్ పుట్టిన చోటే ఉండదు, గాలివాటున పోయి ఏ పొగా లేని ఊళ్లో దిగుతుంది. దాని వల్ల దగ్గు, ఆయాసం మాత్రమే కాదు, ఆకు లోపలి పని దెబ్బతిని దిగుబడి తగ్గుతుంది. పత్తి దీనికి త్వరగా లొంగే పంట. మన మూడు జిల్లాల్లోనూ పత్తి వేస్తారు కదా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో పెట్టిన ప్రమాణం ప్రకారం ఓజోన్ 8 గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. దాన్ని పట్నంలో కొలిచినంత శ్రద్ధగా అడవి అంచున ఉన్న గూడెంలో, తండాలో కూడా కొలవాలని మేము అడుగుతున్నాం. ఎండాకాలం మధ్యాహ్నం కొలవాలి. ఉదయం ఎనిమిదింటికి వచ్చి కొలిచి పోతే ఏమీ తెలియదు.

ఇక ఏ చెట్టు పెడుతున్నారన్నది. అడవిలో పది రకాలుంటాయి, కొన్ని ఐసోప్రీన్ వదులుతాయి, కొన్ని అసలే వదలవు. ఒకే జాతి వందల ఎకరాల్లో పెడితే లెక్క మారుతుంది. నీలగిరి, మనం జామాయిల్ అనేది, ఐసోప్రీన్ ఎక్కువగా వదిలే చెట్లలో ఒకటి. టెర్పీన్లు కూడా వదులుతుంది. అటవీ అభివృద్ధి సంస్థ తోటలు ఉన్నాయి, సారపాక పేపర్ మిల్లుకు కట్టె వేసే రైతుల తోటలు ఉన్నాయి. జామాయిల్ నీళ్లు తాగుతుందా లేదా అనే తగాదా వేరే ఉంది, ఈ రోజు దాని జోలికి పోం.

ఇప్పుడు ఆయిల్ పామ్ వచ్చింది. మహబూబాబాద్ వైపు మొక్కలు పెట్టమని రైతులను ప్రోత్సహిస్తున్నారు. ఆయిల్ పామ్ కూడా ఐసోప్రీన్ బాగా వదిలే చెట్టే. మలేసియాలోని బోర్నియో దీవిలో అడవి మీది గాలిని, పక్కనే ఉన్న ఆయిల్ పామ్ తోట మీది గాలిని కొలిచి 2009లో ఫలితం ప్రకటించారు. తోట మీద ఐసోప్రీన్ ఎక్కువ, ఎరువుల వల్ల, నూనె మిల్లు వల్ల నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎక్కువ. ఆ ఆక్సైడ్లు యూరప్, అమెరికా పల్లెల స్థాయికి పెరిగితే నేల దగ్గర ఓజోన్ ప్రమాదకరంగా పెరుగుతుందని హెచ్చరించారు. మేము పంట వేసుకోవద్దని అనడం లేదు. పైసలు వచ్చే పంటను రైతు ఎందుకు వదులుకుంటాడు? మా అభ్యంతరం ఒక్కటే. తోటను పచ్చదనం లెక్కలో రాసి, అడవి పోయిన చోట అడవి వచ్చినట్టు చూపిస్తారు. రెండూ పచ్చగానే ఉంటాయి. వదిలే గాలి మాత్రం ఒకటి కాదు.

చెట్టు నిలబడి ఉన్నప్పటి మాట ఇది. కూలినప్పుడు ఇంకో కథ. గాయపడ్డ చెట్టు ఒక్కసారిగా ఎన్నో రెట్లు ఎక్కువ ఆవిరి వదులుతుంది. గడ్డి కోసినప్పుడు వచ్చే పచ్చి వాసన అలాంటిదే. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలికి వేల చెట్లు నేలకూలాయి. అన్ని చెట్ల గాయం ఒకే పూట తెరుచుకుందన్నమాట. నరికిన దుంగ ఎండుతున్నన్ని రోజులూ, కోసిన పలక ఆరుతున్నన్ని రోజులూ, పేళ్ల కుప్ప వేడెక్కుతున్నన్ని రోజులూ ఈ ఆవిరి వస్తూనే ఉంటుంది.

బయట అయితే గాలికి పోతుంది. రేకుల షెడ్డులో ఎక్కడికి పోతుంది? స్వీడన్‌లో పైన్ కట్టె కోసే సామిల్లుల్లో కార్మికులకు కళ్లు మండటం, ముక్కు, గొంతు గీరడం, ఊపిరి బిగియడం చూసి, టెర్పీన్లకు ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాముల హద్దు పెట్టారు. మన టేకు, నల్లమద్ది పైన్ కావు, వాటిలో ఆ నూనెలు తక్కువ. టేకుకు వేరే గుణం ఉంది. దాని పొట్టులోని కొన్ని పదార్థాలు చర్మం మీద దద్దురు తెస్తాయి, టేకు పని చేసేవాళ్లలో కొందరి చేతులు చూడండి. అన్నిటికన్నా పెద్దది పొట్టే. కట్టె పొట్టు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపల వచ్చే క్యాన్సర్ అది, ఏండ్ల తర్వాత బయటపడుతుంది.

మన పిల్లలు పనిచేసే ఒక మిల్లుకు మేము పోయాం. పేరు చెప్పం. మూడు వైపులా రేకులు, ఒక వైపు తలుపు, పొట్టు పీల్చే ఫ్యాను లేదు, మూతికి టవల్ కట్టుకొని పనిచేస్తున్నారు. టవల్ పెద్ద పొట్టును ఆపుతుంది. ఆవిరిని ఆపదు, సన్న పొట్టును అంతకన్నా ఆపదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ దుమ్మును, ఆవిరిని పుట్టిన చోటే పీల్చే ఏర్పాటు ఉండాలని చెప్పింది. కానీ కరెంటుతో నడిచే మిల్లులో 10 మంది ఉంటేనే ఆ చట్టం మామూలుగా వర్తించేది. తొమ్మిది మంది ఊపిరి మాటేమిటి?

గుజ్జు మిల్లుల గురించి కూడా ఒక మాట. కమలాపురం రేయాన్ గుజ్జు మిల్లు 2014లో ఆగింది. అప్పుడు వరంగల్ జిల్లా, 2016లో భూపాలపల్లి, 2019 నుంచి ములుగు. ఆ మిల్లు మళ్లీ తెరవాలని ఇప్పటికీ ఎదురుచూసే కుటుంబాలున్నాయి, వాళ్ల ఆకలి ముందు మేము వాసన ముచ్చట పెట్టం. అయితే తెలుసుకోవాల్సింది ఉంది. సల్ఫేట్ పద్ధతిలో కట్టె ఉడికించే మిల్లు ఎక్కడున్నా అక్కడ వచ్చే కుళ్లిన వాసన చెట్టుది కాదు. ఉడికించడానికి వేసిన గంధకపు రసాయనాలది. వందకోట్ల వంతుల గాలిలో కొన్ని వంతులున్నా ముక్కు పట్టేస్తుంది. ఆ ఆవిర్లను పట్టి కాల్చేసే పద్ధతులు ఉన్నాయి, అవి పెట్టడానికి ఖర్చవుతుంది. ఇటు వైపు ఎప్పుడు ఏ కట్టె మిల్లు వస్తానన్నా, ఉద్యోగాలెన్ని అని అడిగిన గ్రామసభే ఆవిరిని ఎక్కడ పట్టి కాలుస్తారని కూడా అడగాలి. చెట్టు వాసన సహజమే అని ఎవరైనా జవాబిస్తే ఊరుకోకండి.

నాయక్‌పోడ్ పెద్దలు ఇక్కడున్నారు. లక్ష్మీదేవర ముఖాలు చెక్కే పొనికి కట్టె తేలిక, మెత్తన. చెట్టు కింద కూర్చొని ఉలితో చెక్కితే పొట్టు దూరం పోదు. అదే పనికి ఇప్పుడు కరెంటు రందా, సాండర్ వచ్చాయి. వేగం పెరిగింది, పొట్టు సన్నబడింది. మిషన్ వద్దనం. గదిలో వద్దు, చెట్టు కిందికి తెచ్చుకోండి. పొట్టు ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి. పాలిష్ వేసిన సామాను ఆరే గదిలో చంటిపిల్లను పడుకోబెట్టకండి.

సంఘం తరఫున రెండు పనులు మొదలుపెడుతున్నాం. ఒకటి, మూడు జిల్లాల్లో సామిల్లుల్లో, కార్పెంటర్ షాపుల్లో పనిచేసే మనవాళ్ల పేర్లు, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారు, ముక్కు, ఊపిరి, చర్మం బాధలు ఏమున్నాయి అన్నవి రాసుకొని ఆరోగ్య శిబిరం పెట్టమని జిల్లా అధికారులకు ఇస్తాం. రెండోది, వాసనతో గుర్తుపట్టే చెట్ల పేర్లు కోయలో, గోర్ బోలిలో, తెలుగులో పక్కపక్కన రాస్తున్నాం. ఏ చెట్టు ఏ నెలలో, పగలా రాత్రా, ఆకా బంకా పువ్వా అన్నది పెద్దలే చెప్పాలి. భోజనాల దగ్గర మా పిల్లలు నోట్‌బుక్కులు పట్టుకొని ఉంటారు. తిన్నాక రెండు నిమిషాలు వాళ్ల దగ్గర కూర్చోండి.