కొనకపోయినా సరే



ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. పావగడ పిల్లల చదువంటే ఇదే. మీలో కొందరు మొదటి జీతం బెంగుళూరులో ఏ షోరూంలోనో, మాల్‌లోనో తీసుకుంటారు. అందుకే ఈరోజు అంగడి గురించి మాట్లాడతాను. స్నాతకోత్సవంలో ఇదేం మాటని ప్రిన్సిపాల్‌గారు అనుకున్నా సరే.

2022 జనవరిలో మన తుమకూరులో జరిగింది గుర్తుందా? ఒక రైతు బొలెరో పికప్ కొందామని మహీంద్రా షోరూంకి వెళ్లాడు. ఆయన వాలకం చూసి, జేబులో పది రూపాయలైనా లేనోడివి పది లక్షల బండి కొంటావా అన్నట్టు సేల్స్ కుర్రాడు ఎగతాళి చేశాడు. రైతు పోయి, పది లక్షలు పట్టుకొచ్చాడు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. ఆనంద్ మహీంద్రా స్పందించారు, షోరూం వాళ్లు క్షమాపణ చెప్పారు, బండి ఆయన చేతికొచ్చింది. మనమంతా చప్పట్లు కొట్టాం.

నాకు ఆ చప్పట్ల మీదే అనుమానం. ఆయనకు పది లక్షలు పుట్టకపోయి ఉంటే? ఊరికే బండి చూసి పోదామని వచ్చిన కూలివాడైతే? ఆ కుర్రాడి అంచనా నిజమయ్యేది, వార్తే పుట్టేది కాదు. అవమానం మాత్రం అంతే ఉండేది. 2024 జూలైలో బెంగుళూరు మాగడి రోడ్డు మాల్‌లో, పంచె కట్టుకున్నాడని ఒక పెద్దాయన్ని సినిమాకు పోనివ్వలేదు. ఆయనకు టికెట్టు ఉంది.

డబ్బుంటే చాలనుకునేవాళ్లకు ఇంకో సంగతి. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు, మీ ఈడువాళ్లే, వూల్‌వర్త్ దుకాణంలో సామాన్లు కొన్నారు. దుకాణం వాళ్లు డబ్బులు కాదనకుండా తీసుకున్నారు. అదే దుకాణంలో కాఫీ తాగే చోట కూర్చుంటే మాత్రం కాఫీ ఇవ్వం పొమ్మన్నారు. వాళ్లు లేవలేదు. మరునాడు ఇంకొందరు వచ్చారు. జూలైకల్లా దుకాణం దిగొచ్చింది. మనకిదేం వింత కాదు. అందరి దగ్గరా ఒకే రేటు తీసుకుని, దళితుడికి వేరే గ్లాసు పెట్టిన టీ హోటళ్లు మన పల్లెల పెద్దలకు తెలుసు. రాజ్యాంగం 15వ అధికరణం అంగళ్లను, హోటళ్లను పేరుపెట్టి మరీ చెప్పింది ఊరికే కాదు.

ఇక కౌంటర్ లోపలి వైపు. ఎగతాళి చేసిన ఆ కుర్రాడు కూడా ఏ రైతు కొడుకో అయితే నేను ఆశ్చర్యపోను. చెప్పులు చూసి గిరాకీని కొలవడం ఎవరూ పుట్టుకతో నేర్చుకోరు. నెల టార్గెట్ నేర్పుతుంది, పైవాడి తిట్లు నేర్పుతాయి. పొద్దున్నుంచి రాత్రిదాకా బట్టల షాపులో నిలబడే అమ్మాయిని చూడండి. కేరళలో సేల్స్ పని చేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడితే 2018లో చట్టం మారింది. 2021లో తమిళనాడు కూడా మార్చుకుంది. ఒక్క స్టూలు కోసం శాసనసభలు కదలాల్సి వచ్చింది!

మీలో ఎవరైనా అంగడి తెరిస్తే నన్ను పిలవండి. పాత చెప్పులతోనే వస్తాను, అన్నీ చూస్తాను, ఏమీ కొనను. మీ సేల్స్ అమ్మాయి కూర్చునే రేటు చెప్పాలి. నాకు నమస్కారం పెట్టడానికి కూడా ఆమె లేవనక్కర్లేదు.