చీటీ రాసి పంపితే చాలదు



హక్కుల ప్రస్తావన వస్తే మనం చదువు, ఉద్యోగం, రిజర్వేషన్ల గురించి మాట్లాడుకుంటాం. వయసు మళ్లిన అమ్మీ, అబ్బాల వైద్యం కూడా హక్కేనన్న సంగతి మరచిపోతాం. నేడు ఆ విషయాన్నే మీ ముందుంచుతున్నాం.

2018లో హైదరాబాదులో మొదలైన బస్తీ దవాఖానాలు పేదలకు మేలు చేస్తున్నాయి. బీపీ, షుగరు అక్కడే చూస్తారు. గుండెకో, మూత్రపిండాలకో ఇబ్బంది వస్తే పెద్దాసుపత్రికి చీటీ రాసి పంపుతారు. అసలు కష్టం అక్కడే ఆరంభమవుతుంది.

మేము వెంట వెళ్లిన ఒక నానీ చీటీలో ఏ విభాగానికి వెళ్లాలో మాత్రమే ఉంది. ఎందుకు పంపారో, ఏ మందులు వాడుతున్నారో లేదు. ఆమెకు ఉర్దూ తప్ప మరో భాష రాదు. అక్కడి స్పెషలిస్టు షుగరుకు కొత్త బిళ్లలు రాశారు. పాతవీ కొత్తవీ ఒకటే మందు, పేర్లే వేరు. రెండూ వేసుకున్న ఆమె వారం తిరక్కముందే వజూ చేస్తూ కళ్లు తిరిగి పడిపోయారు. ఏ వైద్యునికీ దురుద్దేశం లేదు. ఒకరికి తెలిసింది మరొకరికి చేరలేదు. ఆ లోపానికి మూల్యం చెల్లించింది ఆ వృద్ధురాలు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమానికి 2007లో చేసిన చట్టం 20వ సెక్షను, ఆసుపత్రులలో 60 ఏళ్లు నిండినవారికి వేరే వరుస ఉండాలని చెబుతోంది. జిల్లా ఆసుపత్రులలో వృద్ధుల వైద్యానికి ప్రత్యేక వసతులు ఉండాలనీ అంటోంది. తెలంగాణ అంతటా ఉర్దూ 2017 నుంచి రెండవ అధికార భాష. చట్టాలకు కొదవ లేదు, అడిగేవారే తక్కువ.

కనుక మేము మూడు కోరికలు కోరుతున్నాం. పంపే చీటీలో జబ్బు, వాడుతున్న మందులు, పంపిన కారణం స్పష్టంగా రాయాలి. స్పెషలిస్టు ఏ మందు మార్చారో, ఏది ఆపారో బస్తీ వైద్యునికి తిరుగు చీటీలో తెలపాలి. పెద్దాసుపత్రులలో వృద్ధులకు ఉర్దూలో దారి చూపే మనిషి ఉండాలి.

మన బాధ్యతా ఉంది. ఇంట్లోని మందులన్నీ ఒకే సంచిలో, కాగితాలన్నీ ఒకే ఫైలులో పెట్టి వెంట తీసుకువెళ్లండి. కొత్త మందు రాసినప్పుడు పాతది ఆపాలా అని తప్పక అడగండి. ప్రతి మసీదు కమిటీ ఇద్దరు యువకులను, ఇద్దరు యువతులను ఈ ఖిద్మత్‌కు కేటాయించాలి. ఒంటరి వృద్ధులకు వారే తోడు.

మనల్ని వేలు పట్టి నడిపించినవారు ఆసుపత్రి వరండాలో దారి తెలియక నిలబడకూడదు. అందుకోసం ఈ నెలలోనే వినతిపత్రంతో అధికారుల వద్దకు వెళదాం. మీరందరూ కలిసి రండి.