ఉరికి ముందు రాత్రి

1997 మార్చి 29 తెల్లవారుజామున రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఇద్దరిని ఉరి తీయాలి. ముహూర్తం పెట్టేశారు. ఇక కొద్ది గంటలే ఉందనగా సుప్రీంకోర్టు స్టే వచ్చింది.

వాళ్లు చేసిన నేరం చిన్నది కాదు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీ కోసం బస్సులో పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఉరి వద్దనేవాళ్లు ఈ అంకెను గొంతు తగ్గించి చెప్పడం అలవాటు. నిజానికి ముందు చెప్పాల్సింది దాన్నే. బస్సెక్కించి వచ్చిన మనిషిని మళ్లీ చూడని ఇంటివాళ్లకు హక్కుల పాఠాలు చెప్పే అర్హత ఎవరికీ లేదు.

అయినా ఆ ఇద్దరు దళిత యువకులకు ఉరి తప్పింది. సాక్ష్యం మారలేదు, చట్టం మారలేదు. రాష్ట్రపతి మారారు. శంకర్ దయాళ్ శర్మ కాదన్న క్షమాభిక్షను 1998లో కె.ఆర్. నారాయణన్ ఇచ్చారు. ఈ మధ్యలో రచయిత్రి మహాశ్వేతాదేవి, పౌరహక్కుల సంఘాలవాళ్లు పట్టు వదలకుండా తిరగకపోతే ఆ ఫైలు మళ్లీ తెరిచే నాథుడే ఉండేవాడు కాదు.

అదే అదృష్టం భూమయ్యకు, కిష్టాగౌడ్‌కు పట్టలేదు. నక్సలైటు ఉద్యమంలోకి వెళ్లిన ఆదిలాబాద్ రైతులు వాళ్లు. న్యాయవాది కన్నబిరాన్ ఎంత పోరాడినా, ఒకసారి ఆఖరి ఘడియలో ఉరి ఆగినా, ఎమర్జెన్సీలో 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఉరి తీసేశారు. ఆ జైలు స్థలంలోనే ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది. అర్ధరాత్రి రోగిని తీసుకుని ఆటోలో వచ్చేవాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు!

ఒకే నేరంలో ఒకే పాత్ర ఉన్నా బతుకులు ఎలా విడిపోతాయో ఉత్తరప్రదేశ్‌లోని ముగ్గురి కథ చెబుతుంది. ముగ్గురికీ ఉరే పడింది. వేర్వేరు సమయాల్లో, వేర్వేరు బెంచీల ముందుకు వెళ్లారు. కశ్మీరా సింగ్ శిక్షను సుప్రీంకోర్టు యావజ్జీవంగా తగ్గించింది. జీతా సింగ్‌ను 1981 అక్టోబర్ 6న ఉరి తీశారు. హర్‌బన్స్ సింగ్ ఆఖరి నిమిషంలో మళ్లీ కోర్టు తలుపు తట్టాడు. మిగతా ఇద్దరికీ ఏమైందో అప్పుడు చూసుకున్న న్యాయమూర్తులు 1982లో అతని శిక్షను తగ్గించాలని రాష్ట్రపతికి సిఫారసు చేశారు. జీతా సింగ్ విషయంలో మాత్రం చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

‘అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి’ అని 1980లో బచన్ సింగ్ తీర్పు గీసిన గీత ఇదంతా సరిచేస్తుందని చాలామంది నమ్మారు. కాని గీత ఎక్కడుందో ఒక్కో బెంచీకి ఒక్కోచోట కనిపించింది. మహారాష్ట్రలో సంచార జాతికి చెందిన ఆరుగురి మీద 2003లో హత్య, అత్యాచారం కేసు పెట్టారు. కింది కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ముగ్గురికి తగ్గించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికీ మళ్లీ ఉరి వేసింది. 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులేనని తేల్చి, తలా అయిదు లక్షల రూపాయలు ఇమ్మంది. వాళ్లలో ఒకరు నేరం జరిగిన నాటికి మైనరు. పదేళ్లు ఆలస్యంగానైనా తప్పు దిద్దుకోగలిగారంటే, ఆ ఆరుగురినీ అప్పటికి ఉరి తీయలేదు కాబట్టే.

మరి ఇందులో రాష్ట్రం చేయగలిగింది ఏముంది? అంతా ఢిల్లీ చేతుల్లో ఉందనడం తప్పించుకోవడమే. తిరువాన్కూరు సంస్థానం 1944లోనే ఉరిశిక్షను ఎత్తేసింది. భారత శిక్షాస్మృతి అక్కడికి వచ్చాకే ఉరి తిరిగొచ్చింది. 2015 ఆగస్టులో త్రిపుర శాసనసభ ఉరి రద్దు కోరుతూ తీర్మానం చేసింది. అదే నెలలో ఎ.పి. షా అధ్యక్షతన లా కమిషన్, ఉగ్రవాద నేరాలు, దేశం మీద యుద్ధం మినహా మిగతా వాటికి ఉరి వద్దని సిఫారసు చేసింది. ఇటు 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు తెచ్చి, అత్యాచార కేసుల్లో ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ ముగించి ఉరి వేయవచ్చంది. మహారాష్ట్ర కేసులోని ఆ ఆరుగురు నిర్దోషులని తేలడానికి పట్టింది పదహారేళ్లు!

క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలోది. రాష్ట్రం సవరణ తేవచ్చు, దానికి రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఆ ఆమోదం వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. 161వ అధికరణ కింద మంత్రివర్గ సలహాపై గవర్నరు శిక్ష తగ్గించవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 474వ సెక్షన్ ప్రకారం ఉరిని యావజ్జీవంగా మార్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి కూడా ఉంది. వీటన్నిటికన్నా తేలికైన పని ఇంకొకటి ఉంది. సెషన్స్ కోర్టులో లేచి నిలబడి ఉరి వేయమని అడిగేది రాష్ట్రం నియమించిన పబ్లిక్ ప్రాసిక్యూటరే. అలా అడగవద్దని హోంశాఖ ఒక సర్క్యులర్ పంపితే చాలు, దానికి ఢిల్లీ ప్రయాణం అక్కర్లేదు.