అర సెకను ఆలస్యం

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మన పిల్లలు చాలామంది కంప్యూటరు చదువులు చదువుతున్నారు కనుక, ఆ రంగంలో 2024లో జరిగిన ఒక సంగతి మనవి చేస్తాను.

లోకంలోని పెద్ద కంప్యూటర్లు చాలావరకు లినక్స్ అనే వ్యవస్థ మీద నడుస్తున్నాయి. అందులోని ప్రోగ్రాములు ఎన్నో జీతం లేకుండా తీరిక వేళల్లో రాసి, ఉచితంగా పంచినవే. ఎక్స్‌జెడ్ అటువంటిదే. పరుపును బిగించి చుట్టి తాడు కట్టినట్లు, పెద్ద ఫైలును చిన్నది చేయడం దాని పని. ఫిన్లాండుకు చెందిన లాస్సె కాలిన్ గారు ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరే దాన్ని చూసుకుంటూ వచ్చారు.

2021 చివరలో జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికి వచ్చారు. చిన్న చిన్న మరమ్మతులు చేసి పంపేవారు. 2022లో మరికొన్ని పేర్లతో ఒత్తిడి మొదలైంది. పని నెమ్మదిగా ఉంది, ఇంకొకరికి అప్పగించరాదా అని ఉత్తరాలు! ఇది జీతం లేని పని, ఆరోగ్యం కూడా సరిగా లేదని కాలిన్ గారు చెప్పుకున్నారు. క్రమంగా బాధ్యతలు టాన్ చేతికి వెళ్లాయి.

రెండేళ్లు నమ్మకంగా పనిచేసిన ఆ చేయే, 2024 ఫిబ్రవరిలో విడుదలైన 5.6.0 కూర్పులో దొంగ తలుపు పెట్టింది. రహస్యపు తాళంచెవి ఉన్నవాడు ఎక్కడినుంచో ఇతరుల కంప్యూటరులోకి రావచ్చునన్నమాట.

దీన్ని పట్టుకున్నది పోలీసులు కారు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వేరే పనిలో ఉండగా, కంప్యూటరులోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించారు. అర సెకనే కదా, పోనీలే అనుకోలేదు. కారణం తవ్వుకుంటూ పోయి, మార్చి 29న అందరికీ తెలియజేశారు. అప్పటికి ఆ కూర్పు ఎక్కువగా పరీక్షల దశలోనే ఉంది గనుక పెద్ద ముప్పు తప్పింది. మే నెలలో కాలిన్ గారే శుభ్రం చేసిన కూర్పు విడుదల చేశారు. టాన్ ఎవరో మాత్రం లోకానికి తెలియలేదు.

ఇది విని, సాయానికి వచ్చిన ప్రతివాడినీ అనుమానించాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. సాయం లేకనే గదా ఆయన అలసిపోయింది! 2014లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రాములో పెద్ద లోపం బయటపడింది. ఇంటర్నెట్టులో రహస్యాలు కాపాడే తాళమది. అక్కడ కుట్ర లేదు, పొరపాటే. కాని అంతటి ప్రోగ్రాముకు పూర్తికాలం పనిచేసేది ఒక్కరే, వచ్చే విరాళాలు ఏడాదికి సుమారు 2000 డాలర్లే! ఆ తరువాతే పెద్ద కంపెనీలు కలిసి నిధి ఏర్పాటు చేశాయి.

కనుక నా మనవి రెండు మాటలు. అందరూ వాడుకునే పనిని ఒక్కరి నెత్తిన వదిలేయకూడదు. ఎంత నమ్మకస్తుడు చేసినా ఆ పనిని రెండో మనిషి చూడాలి. అది అవమానం కాదు, చేసేవాడికీ రక్షణే. కంప్యూటరు చదివే మన పిల్లలు ఇటువంటి ఉచిత ప్రోగ్రాములను వాడుకోవడమే గాక, వారానికి ఒక గంట వాటిని సరిచూడటానికి వెచ్చిస్తే ఎక్కడో ఒక ఒంటరి మనిషి భారం తగ్గుతుంది.